ప్రహరీ గోడ కిందికి వెళ్లిన వేప వేర్లు: ఒక కేస్ స్టడీ

చెట్ల సంరక్షణ, తోట పనులు నా వృత్తి. గోడ పక్కన చెట్టున్న ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లు ఎక్కువగా ఒకే మాటతో మొదలవుతాయి: "వేర్లు కొట్టించాలండీ, మీ దగ్గర మనుషులున్నారా?" కొట్టడం ఒక పూట పని. ఏ వేరును, చెట్టుకు ఎంత దూరంలో, అసలు ఎందుకు కొట్టాలో తేల్చడానికే రోజులు పడతాయి. ఈ కేసులో ఒక పెద్ద వేరును కొట్టకూడదన్న నిర్ణయం దగ్గరే అంతా తిరిగింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇంటివాళ్ల అనుమతి ఉంది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

గుంటూరు వైపు నల్లరేగడి నేల మీద లేచిన పాత కాలనీ. ఇంట్లో రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య ఉంటారు. వెనక చిన్న తోట. కరివేపాకు, మందారాలు, రెండు కొబ్బరి చెట్లు, ప్రహరీకి దగ్గరగా ఒక పెద్ద వేప. స్థలం కొనేనాటికే వేప ఉంది. గోడ తర్వాత వచ్చింది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, పది అడుగులకొక పిల్లరు, అయిదడుగుల ఎత్తు, కింద అడుగున్నర లోతు రాతి పునాది. గోడకు అవతల పక్కింటివాళ్ల కారు షెడ్డు.

ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత 75 అంగుళాలు. 3.14తో భాగిస్తే అడ్డుకొలత దాదాపు రెండడుగులు. మాను నుంచి గోడకు దూరం నాలుగడుగులు. టేపు పట్టుకున్నవాళ్లు ఎవరైనా తీసుకోగలిగిన ఈ రెండు కొలతలే తర్వాతి నిర్ణయాలన్నిటికీ ఆధారమయ్యాయి.

సమస్య

చెట్టుకు సరిగ్గా ఎదురుగా, రెండు పిల్లర్ల మధ్య గోడ పైకి ఉబ్బి నిలువునా పగిలింది. ఇది మొదటి పగులు. అక్కడి నుంచి ఇరవై అడుగుల అవతల, స్నానాల గది నీళ్లు పోయే చోట, ఇటుకల వరస వెంట మెట్లు మెట్లుగా రెండో పగులు. ఇంట్లో అందరూ రెండూ వేప వేర్ల పనేనని నమ్మారు. పక్కింటాయనకైతే కొబ్బరి చెట్ల మీద కూడా అనుమానం.

"మాస్టారూ, రేపు గోడ కారు మీద పడితే ఎవరిది బాధ్యత? చెట్టు తీయించేయండి, గొడవ వదిలిపోతుంది" అని ఆయన పట్టుబట్టారు. ఆయన టెన్షన్‌లో న్యాయం ఉంది. గోడ అటువైపే వాలింది. అమ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. "ఉగాది పచ్చడికి వీధి వీధంతా మా చెట్టు పువ్వే పట్టుకెళ్తారు బాబూ, దాన్నెలా కొట్టిస్తాం?" అన్నారు.

నేను వెళ్లేసరికే కొన్ని ప్రయత్నాలు జరిగాయి. పగుళ్లలో సిమెంటు పెట్టించారు, ఏడాది తిరక్కుండా మళ్లీ విచ్చుకున్నాయి. ఎవరో కూలీ గోడ పక్కన కనిపించిన చేతిమణికట్టంత వేరును గొడ్డలితో నరికాడు. నరికిన చోటు నుంచి గోడ పొడవునా వేప పిలకలు లేచాయి. గాయపడిన వేరు నుంచి పిలకలు వేయడం వేపకు సహజం, నీళ్లు తక్కువైన నేలలో మరీ ఎక్కువ. ఆ తర్వాత ఎవరో చెప్పారని మైలతుత్తం (రాగి ఉండే కాపర్ సల్ఫేట్) నీళ్లలో కలిపి గోడ మొదట్లో పోశారు. బంకమట్టి రాగిని పట్టి ఉంచుకుంటుంది, కిందికి పోనివ్వదు. అందుకే మందు పెద్ద వేరు దాకా చేరలేదు, పైమట్టిలోనే ఉండిపోయింది. అక్కడి మట్టిని తర్వాత నేను తీయించాల్సి వచ్చింది.

ముందు కొలతలు

నేను వెళ్లింది ఏప్రిల్‌లో. ఆ నెలలో వేరు ముట్టుకోనని చెప్పేశాను. వేసవి గాలివానల ముందు ఒక పక్క వేర్లు కోస్తే చెట్టుకు పట్టు దొరికే వ్యవధి ఉండదు. కోస్తాలో తుపాన్ల రోజులు కూడా దాటాక, అంటే డిసెంబరు చివర లేదా జనవరిలో కోస్తే, మళ్లీ పెద్ద గాలులు వచ్చేలోపు కొత్త పీచువేర్లు దిగడానికి కొన్ని నెలలు చిక్కుతాయి. ఈలోగా గోడ పడకుండా అటువైపు రెండు సరుగుడు బాదులు ఏటవాలుగా ఆనించాం. పక్కింటాయన కారును కొన్నాళ్లు ముందువైపు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ ఒప్పుదల లేకపోతే కొలతలకు సమయమే దొరికేది కాదు.

నల్లరేగడిలో గోడ పగలడానికి చెట్టు వేర్లే ఉండక్కర్లేదు. ఆ నేల ఎండాకాలం కుంచించుకుపోతుంది, వానల్లో ఉబ్బుతుంది. తేలికపాటి ప్రహరీ గోడ దానితోపాటు ఊగుతుంది. కాబట్టి పగులును చూడగానే అడగాల్సింది, అది ఏడాది పొడవునా ఒకేవైపు నడుస్తోందా, కాలాన్నిబట్టి ముందుకూ వెనక్కూ పోతోందా అని. రెండు పగుళ్లకూ అడ్డంగా సన్నటి గాజు పట్టీలు సిమెంటుతో అతికించాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. గాజు కదలిక ఉందని చెబుతుంది గానీ ఎంతో చెప్పదు. అందుకని పగులుకు ఇరువైపులా మేకులు దిగ్గొట్టి వాటి మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో నెలకోసారి రాయమని మాస్టారిని కోరాను. ఆయన నోటుబుక్కులో గీతలు కొట్టి పెట్టిన ఆ పట్టికే ఈ కేసుకు ప్రాణం.

మే నెలలో రెండో పగులు 6 మిల్లీమీటర్లు. అక్టోబరుకల్లా రెండుకు తగ్గింది. మొదటి పగులు మేలో 9, డిసెంబరులో 11. ఒక్క నెల కూడా వెనక్కి రాలేదు. దాని ఆకారం కూడా అదే చెప్పింది: పైన వెడల్పు, కింద సన్నం. గోడ మధ్యభాగాన్ని కిందినుంచి ఏదో ఎత్తుతుంటే పగులు పైన నోరు తెరుస్తుంది. ఒక కొస కిందికి దిగినా అలాగే తెరుచుకుంటుంది కాబట్టి, లెవెల్ గొట్టంలో నీళ్లు పోసి పిల్లర్ల అడుగులు కూడా చూశాం. ఏదీ దిగలేదు, మధ్యే లేచింది.

అంటే మొదటిది వేరు పని, రెండోది నేల పని. ఇది తేలకుండా పార పట్టి ఉంటే రెండో చోట కూడా వేర్లే వెతికేవాళ్లం, దొరికిన వేరునల్లా దోషి అనుకునేవాళ్లం.

తవ్వి చూడటం

డిసెంబరు చివర చెట్టుకూ గోడకూ మధ్య తవ్వించాను. జేసీబీ వద్దన్నాను. దాని బకెట్ వేరును కోయదు, లాగి చీలుస్తుంది. ఆ చీలిక మాను దాకా పాకితే కుళ్లు పట్టుకోవడానికి దారి తెరిచినట్టే. ముందురోజు సాయంత్రం నేల నానబెట్టి, పొద్దున్నే చిన్న గునపాలతో, చేతులతో మట్టి తీశాం. బయటపడ్డ వేర్ల మీద తడి గోనెసంచులు కప్పుతూ పోయాం. పీచువేర్లు ఎండలో తొందరగా చచ్చిపోతాయి.

చెట్ల వేర్లు చాలా లోతుకు పోతాయని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం పై రెండు మూడడుగుల్లోనే, గాలీ తడీ రెండూ దొరికే చోట ఉంటాయి. ఇక్కడా అంతే. ఆరంగుళాల మందం ఉన్న వేరు ఒకటి మాను నుంచి నేరుగా వచ్చి పునాది రాళ్ల కిందికి దూరింది. మరో మూడంగుళాల వేరు గోడ దాకా వచ్చి పక్కకు తిరిగి గోడ వెంటే సాగింది. మిగతావి వేలిమందం.

రెండో పగులు దగ్గర తవ్వితే వేలిమందం వేర్లు మాత్రం గుంపుగా దొరికాయి. వాటి మధ్యలో ఉంది అసలు విషయం: స్నానాల గది తూము అతుకు వదిలి నీళ్లు నేలలోకి కారుతున్నాయి. గట్టిగా ఉన్న పైపును వేర్లు పగలగొట్టవు. కారుతున్న అతుకు దగ్గరికి చేరి లోపలికి పోతాయి. ఆ తడే వేర్లను పిలిచింది, ఆ తడే ఒక పక్క నేలను ఉబ్బించి గోడను మెలిపెట్టింది.

కొబ్బరి చెట్ల గురించి పక్కింటాయనకు అక్కడే చూపించాను. కొబ్బరికి పెన్సిలు మందం వేర్లు వందలకొద్దీ వస్తాయి, కానీ అవి ఏటేటా లావెక్కవు. లావెక్కని వేరు గోడను ఎత్తలేదు. కొబ్బరి గోడకు దగ్గరగా ఉన్నా భయపడాల్సింది కాయలు, మట్టలు పడటం గురించే.

ఆరంగుళాల వేరును ఎందుకు ముట్టుకోలేదు

మాను అడ్డుకొలతకు మూడు రెట్ల లోపల పెద్ద వేర్లు కోయకూడదన్నది ఈ వృత్తిలో పాటించే హద్దు. పన్నెండు రెట్ల దాకా వీలైనంత జాగ్రత్తగా ఉండాలి. ఈ చెట్టుకు మూడు రెట్లంటే ఆరడుగులు. గోడ నాలుగడుగుల్లోనే ఉంది. లెక్కల మాస్టారే పలక మీద గీసి చూపించారు: గోడ మీద చెట్టుకు అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర, మొత్తం తొమ్మిది అడుగుల పొడవు ఆ హద్దు లోపల పడుతుంది. ఆ తొమ్మిది అడుగుల్లో ఒక పద్ధతి, దాని బయట వేరే పద్ధతి కావాలి.

హద్దు కంటే నన్ను ఎక్కువగా ఆపింది చెట్టు వాలు. వేప కొద్దిగా ఇంటివైపు వాలి ఉంది. గోడవైపు వేర్లు వాలుకు ఎదురు పక్కన, గుడారం తాళ్లలా మానును వెనక్కి లాగి పట్టి ఉన్నాయి. ఆ ఆరంగుళాల వేరును కోస్తే, గోడ మీద భయం పోయి పడకగది మీద భయం వస్తుంది.

వేరు పైభాగాన్ని రెండంగుళాలు చెక్కేస్తే సరిపోదా అని మేస్త్రీ అడిగాడు. గోడకు ఆ నిమిషంలో సందు దొరుకుతుంది. కానీ పొడవాటి గాయం మానదు, నేల తడిలో కుళ్లు లోపలికి పోతుంది. కొన్నేళ్లకు వేరు పైకి బాగానే కనిపిస్తూ బలం లేకుండా ఉంటుంది. కోయడం కంటే ఇది ప్రమాదం, ఎందుకంటే అప్పుడు ఎవరూ అనుమానించరు.

చెట్టు మొత్తం తీసేసే దారిని కూడా కాగితం మీద పెట్టాం. పక్కింటాయన అడిగింది కాబట్టి ఆయన ముందే మాట్లాడాం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. అది దొరికినా, ఇంత పెద్ద వేప నేల నుంచి తీసుకునే నీళ్లు ఇక తీసుకోదు కాబట్టి నల్లరేగడి ఏళ్ల తరబడి మెల్లగా ఉబ్బే అవకాశం ఉంది. పునాది కింద వేర్లు కుళ్లాక బొరియలు మిగిలి గోడ కుంగే అవకాశమూ ఉంది. చెట్టు పోయినా గోడ సమస్య వేరే రూపంలో మిగులుతుందని తెలిశాక ఆయన మెత్తబడ్డారు.

పని చేసినవి, చేయనివి

జనవరిలో మొదటి దశ. స్నానాల గది తూము మార్పించి, కొత్త పీవీసీ పైపు వేసి, ఛాంబర్ కట్టించాం. ఆ తొమ్మిది అడుగుల బయట రెండువైపులా గోడకు అడుగు ఇవతల రెండడుగుల లోతు కందకం తీసి, అడ్డొచ్చిన వేర్లను పదునైన రంపంతో నున్నగా కోశాం. గోడ వెంట సాగిన మూడంగుళాల వేరును చెట్టుకు పదకొండు అడుగుల దూరంలో కోశాం. అక్కడికి అది రెండంగుళాలకు సన్నబడింది. కోసిన చోట రంగులు, తారు ఏమీ పూయలేదు. నున్నటి కోత తనంతట తానే మూసుకుంటుంది.

కందకంలో గోడవైపు మిల్లీమీటరు మందం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు నిలబెట్టాం. వేర్లను ఆపడానికని అమ్మే షీట్లు మన ఊళ్లలో వెతకాల్సి వస్తుంది. రొయ్యల చెరువుల్లో పరిచే లైనర్ అదే సరుకు, కోస్తాలో సులువుగా దొరుకుతుంది. అతుకులు వేడితో అంటించాలి, ఊరికే ఒకదాని మీద ఒకటి వేస్తే వేరు ఆ సందులోంచే పోతుంది. షీటు పై అంచు నేలకు రెండంగుళాలు పైకి ఉంచాలి. మట్టిలో కప్పేస్తే వేరు మీంచి దాటుతుంది.

మధ్య తొమ్మిది అడుగుల్లో షీటు పెట్టలేం, వేరు అడ్డంగా ఉంది. ఖర్చు తగ్గించాలని ఇంటివాళ్లు కోరితే, ఉన్న గోడను కూల్చకుండా ఒక ప్రయత్నం చేశాం. వేరుకు ఆనుకున్న పునాది రాళ్లను తీసి, పైన చిన్న కాంక్రీటు పలక చొప్పించి, వేరుకూ పలకకూ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాం. ఇది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేనని మాతో పనిచేసే ఇంజనీరు ముందే అన్నారు. వానలు మొదలై నేల మెత్తబడగానే పక్క రాళ్లు జారాయి, పలక ఒక పక్కకు ఒరిగి మళ్లీ వేరు మీదే కూర్చుంది. పాత సున్నంతో కట్టిన రాతి పునాదికి దూలంలా బరువు మోసే శక్తి ఉండదు. అక్టోబరులో మొదటి పగులు 13 మిల్లీమీటర్లకు పోయింది. రెండో పగులు మాత్రం ఆ ఏడాదంతా రెండు దాటలేదు.

అదే సమయంలో ఇంకో అలజడి. సెప్టెంబరులో వేప కొమ్మల చివర్లు గోధుమరంగుకు తిరిగి ఎండసాగాయి. "వేర్లు కొట్టిన దోషం తగిలింది బాబూ" అని అమ్మగారు ఫోన్‌లో ఏడ్చినంత పని చేశారు. వెళ్లి చూస్తే ఆ ఎండడం చెట్టు చుట్టూ అన్నివైపులా, రెమ్మల చివర్లలోనే ఉంది. వేర్లు కోసినందుకైతే ఎక్కువగా అటువైపు కొమ్మలు వాడాలి, ఆకు మొత్తంగా పలచబడాలి. వీధి చివర ఎవరూ ముట్టుకోని వేపలు కూడా అలాగే ఎండుతున్నాయి. కొన్నేళ్లుగా తెలుగు రాష్ట్రాల్లో వానాకాలం చివర వేపలకు కనిపిస్తున్న కొమ్మల ఎండు తెగులు అది, ఫోమోప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చేది. చాలా చెట్లు వేసవికి మళ్లీ చిగురిస్తాయి. ఎండిన రెమ్మలు తీయించి, తక్కినది వదిలేశాం. ఫిబ్రవరి, మార్చిలో చిగురు వచ్చింది.

రెండో దశ ఆ మరుసటి జనవరిలో. ఆ రెండు పిల్లర్లనూ, వాటి మధ్య పది అడుగుల గోడనూ, కింది పునాదినీ తీసేశాం. గోడ బరువు వేరు మీద పడకూడదంటే దాన్ని వేరే చోట దించాలి. పిల్లర్ల స్థానాల్లో ముందు చేత్తో తవ్వి పెద్ద వేర్లు లేవని చూసుకుని, చేతి ఆగర్‌తో సుమారు పది అడుగుల లోతు వరకు రెండు గుంతలు వేశాం. అడుగున ఉబ్బెత్తుగా తవ్వి పోసే ఈ కాంక్రీటు స్తంభాల (అండర్‌రీమ్డ్ పైల్స్) పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) నల్లరేగడి నేలల కోసం రూపొందించింది. కాలాన్నిబట్టి కదిలే పైపొర దాటి, కింద కదలని మట్టిలో బరువు నిలుస్తుంది. పచ్చి సిమెంటు నీళ్లు వేర్లకు పడవు కాబట్టి గుంతల పైభాగంలో పాలిథీన్ చుట్టి కాంక్రీటు పోశాం.

ఆ రెండు పైల్స్ మీద ఒక దూలం. దూలం అడుగుకూ వేరు వీపుకూ మధ్య ఆరంగుళాల ఖాళీ. ఆ ఖాళీలో ఇసుక నింపి, ఎలుకలు, పాములు దూరకుండా రెండువైపులా కడప బండలు సిమెంటు లేకుండా ఊరికే ఆనించాం. కావాలంటే తీసి చూడొచ్చు. దూలం మీద మళ్లీ ఇటుక గోడ కట్టలేదు. ఇనుప గ్రిల్లు బోల్టులతో బిగించాం, దాని మీదికి శంఖపుష్పం తీగ పాకించాం. కారు షెడ్డు వైపు చాటు కావాలని పక్కింటాయన అడిగితే లోపలివైపు తేలికపాటి సిమెంటు రేకు వేశాం.

గ్రిల్లు పెట్టాక రెండు వానాకాలాలు గడిచాయి. దూలం లెవెల్‌లోనే ఉంది. రెండో పగులు మే నెలలో కొద్దిగా తెరుచుకుని వానలకు మూసుకుంటోంది. నల్లరేగడి మీద అడుగున్నర పునాదికి అంతకన్నా ఆశించలేం. దాన్ని సిమెంటుతో కాక, సాగే సీలెంట్‌తో నింపాం.

తోటి పనివాళ్ల కోసం

ఈ కేసు కొలతలను యథాతథంగా వేరే చెట్టుకు వాడొద్దు. తురాయికి వేర్లు ఇంకా పైపైనే పరుచుకుంటాయి, గాలికి పడే గుణమూ ఎక్కువ. దానికి మూడు రెట్ల హద్దు కూడా నాకు చాలదనిపిస్తుంది. గోడ పగుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలది పూర్తిగా వేరే సంగతి. వాటి వేరు గోడ లోపలే పెరుగుతుంది, పిడికిలంత కాకముందే ఇటుక ఊడదీసి వేరుతో సహా తీసేయాలి. అప్పుడు ఆలస్యం చేస్తే గోడే పోతుంది.

వేర్లు కోసినప్పుడు "సమానం చేయడానికి" పైన కొమ్మలు కూడా సగానికి నరికే అలవాటు మన దగ్గర ఉంది. కొత్త వేర్లకు ఆహారం తయారు చేసేది ఆ ఆకులే. ఈ వేపకు ఎండుకొమ్మలు, షెడ్డు మీదికి వాలిన ఒక్క బరువు కొమ్మ తప్ప ఏమీ తీయలేదు. కోసిన తర్వాతి వేసవిలో మాను మొదట్లో కాకుండా కొమ్మల అంచు నీడ పడే చోట వారానికోసారి నిదానంగా నీళ్లు పెట్టించాం, రాలిన ఆకునే మూడంగుళాల మందం పరిపించాం.

ఇంకా తేలనిది ఒకటుంది. ఆరంగుళాల వేరు దూలం కింది నుంచి పక్కింటివాళ్ల స్థలంలోకి పోయింది, షెడ్డు గచ్చు కింద ఎక్కడ ఆగిందో తవ్వి చూడలేదు. గచ్చులో ఇప్పటికి పగుళ్లు లేవు. ఎప్పుడైనా వస్తే అక్కడ గచ్చు తీసి, సిమెంటుతో అతకని పేవర్ రాళ్లు ఇసుక మీద పరుస్తామని రెండిళ్లవాళ్లూ నా ముందే ఒప్పుకున్నారు. ఖర్చు చెరిసగం. ప్రతి జనవరిలో కడప బండ తీసి వేరుకూ దూలానికీ మధ్య ఖాళీ కొలిచి రాసే బాధ్యత మాస్టారిది. ఆ కొలత మూడంగుళాలకు తగ్గితే నాకు ఫోన్ చేయాలి.